నాటక రచనలో పీజీ చేయాలా? మన నెల్లూరు, ప్రకాశం పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కావలి దగ్గర పుట్టి, థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేసి, చాలా ఏళ్లుగా పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, నాటికలు రాస్తున్నాను. రిహార్సల్ అయ్యాక టీ తాగేటప్పుడు, లేదా రాత్రి పదింటికి ఫోన్ చేసి మరీ పిల్లలు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. అందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఒకచోట రాసి పెడుతున్నాను.

కథలు బాగానే రాస్తాను. స్టేజికి రాయడానికి మళ్లీ చదువు ఎందుకు?

కథలో "అతని గుండె బరువెక్కింది" అని రాస్తే పాఠకుడికి అందుతుంది. స్టేజి మీద ఆ వాక్యం ఎవరికీ వినపడదు. అక్కడ ఒక మనిషి నిలబడి ఉంటాడు, అతని చేతిలో ఏదో ఉంటుంది, ఎటు నుంచో వచ్చుంటాడు, ఎదుటి మనిషి అప్పటికే ఏదో పని చేస్తూ ఉంటుంది. రాసేవాళ్లు చూసుకోవాల్సింది ఇదంతా.

నా సంగతే చెప్తాను. పీజీలో మొదటి సెమిస్టర్‌లో ఒక సీన్ రాశాను. పొగాకు రైతు వేలం ప్లాట్‌ఫాంకి బేళ్లు తోలుకెళ్తాడు, నో బిడ్ అవుతాయి, అంటే ఎవరూ కొనరు, సాయంత్రం వాటితోనే ఇంటికొస్తాడు. వచ్చీ రాగానే అతని చేత భార్యకి పేజీన్నర చెప్పించాను: ధర ఎంత పడిపోయింది, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కౌలు ఎంత, బ్యాంకులో ఎంత, బయట ఎంత. రాసేటప్పుడు నాకే కళ్లు చెమర్చాయి. క్లాసులో తోటి విద్యార్థి దాన్ని పైకి చదువుతుంటే మాత్రం అందరూ కుర్చీల్లో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. మా సార్ ఒక్కటే అడిగారు: "ట్రాక్టర్ వచ్చిన చప్పుడు ఆమెకి వినపడదా?" నిజమే కదా. ఖాళీ ట్రక్కు గతుకుల్లో గలగలమంటూ వస్తుంది, బరువుంటే ఆ గలగల ఉండదు. ఆ చప్పుడు లేకపోవడంతోనే వంటింట్లో ఉన్న ఆమెకి సంగతి తెలిసిపోతుంది. ఇక అతను చెప్పాల్సిందేముంది? ఆమె అన్నం పెడుతుంది, కూతురి ఫీజు మాట ఎత్తబోయి ఆగిపోతుంది. పేజీన్నర నాలుగు మాటలయింది, ఆ నాలుగు మాటలకి గది నిశ్శబ్దమయింది.

ఇది ఇంట్లో ఒక్కళ్లమే కూర్చుని నేర్చుకోలేమా అంటే, కొందరు నేర్చుకున్నారు. కానీ మనం రాసింది వేరే గొంతులో, మన కళ్లెదుట, వారం వారం వినే అవకాశం బయట దొరకడం చాలా కష్టం. ఈ చదువులో అన్నిటికంటే విలువైంది నాకు అదే.

తెలుగు రాష్ట్రాల్లో నాటక రచనకే విడిగా పీజీ ఉందా?

మన దగ్గర మామూలుగా అది థియేటర్ ఆర్ట్స్ పీజీలో భాగంగా వస్తుంది. డిగ్రీ పేరు ఎంపీఏ, అంటే మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, రెండేళ్లు. అందులో నటన, దర్శకత్వం, రంగాలంకరణ, లైటింగ్, నాటక చరిత్ర, వీటితో పాటు రచన కూడా ఉంటుంది. "నాకు రాయడం చాలు, నటన ఎందుకు" అని దిగులు పడొద్దు. ముఖానికి రంగు వేసుకుని ఒక్కసారైనా లైట్ల ముందు నిలబడ్డ మనిషి రాసే డైలాగుకీ, ఎప్పుడూ నిలబడని మనిషి రాసే డైలాగుకీ తేడా రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మొదటి మనిషికి తెలుసు.

మనకి దగ్గర్లో ఎక్కడెక్కడ ఉన్నాయి?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. హైదరాబాద్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, 1985లో పెట్టింది, చాలాకాలం పొట్టి శ్రీరాములు పేరుతో నడిచింది, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. పాత పేరుతో వెతికి దొరకలేదని కంగారు పడకండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది.

నెల్లూరు వాళ్లు తరచుగా మర్చిపోయేది పుదుచ్చేరి. చెన్నై దాకా మనకి అలవాటైన దారే, అక్కణ్ణుంచి బస్సు. పాండిచ్చేరి యూనివర్సిటీలో శంకరదాస్ స్వామిగళ్ పేరు మీద ప్రదర్శన కళల విభాగం ఉంది. తమిళ, మలయాళ పిల్లలతో కలిసి పనిచేస్తారు, భాష రాని చోట శరీరంతో ఎంత చెప్పొచ్చో అర్థమవుతుంది. కేరళలో త్రిస్సూర్ స్కూల్ ఆఫ్ డ్రామా 1977 నుంచి ఉంది, అది కాలికట్ యూనివర్సిటీ కిందకి వస్తుంది.

ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా గురించి అందరూ అడుగుతారు. 1959లో మొదలైంది, మూడేళ్ల డిప్లొమా, డిగ్రీ చదివుండాలి, అప్పటికే నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపించాలి, హిందీ, ఇంగ్లీష్ పని నడిచేంత వచ్చుండాలి. అక్కడ మొగ్గు నటన వైపు, డిజైన్-దర్శకత్వం వైపు. రచనే ముఖ్యమనుకునే తెలుగు పిల్లలకి నేను దాన్ని మొదటి ఎంపికగా చెప్పను. మూడేళ్లు హిందీలో ఆలోచించి వచ్చి మళ్లీ తెలుగు మాట పట్టుకోవడానికి టైం పడుతుంది.

నేను బీటెక్. చేరనిస్తారా?

ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలా చోట్ల చేరనిస్తారు. బీఎస్సీ నర్సింగ్ చదివి వచ్చినమ్మాయి మా బ్యాచ్‌లో అందరికంటే బాగా రాసింది, ఆస్పత్రి వార్డులో మనుషులు ఎట్లా మాట్లాడతారో ఆమెకి తెలుసు. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మిగతావాటికి ఆ ఏడాది ప్రకటన చూసుకోండి, అర్హతలు, తేదీలు మారుతుంటాయి, పక్కింటి అన్న చెప్పిన మూడేళ్ల కిందటి సంగతి నమ్ముకుని కూర్చోవద్దు.

ఇంటర్వ్యూలో ఏం చూస్తారు?

మీరు ఏం చూశారో, చూసినదాని గురించి సొంతంగా ఏం చెప్పగలరో చూస్తారు. "చిన్నప్పటి నుంచి నాటకాలంటే ప్రాణం" అనే మాట వందమంది చెప్తారు. దానికి బదులు మీ ఊరి తిరునాళ్లలో చూసిన ఒక్క ప్రదర్శన గురించి చెప్పండి: జనం ఎక్కడ లేచి వెళ్లారు, ఎక్కడ మళ్లీ వచ్చి కూర్చున్నారు, ఎందుకు. రాసింది తీసుకెళ్లేటప్పుడు నూరు పేజీల నాటకం వద్దు. పది నిమిషాల సీన్ ఒకటి చాలు, కానీ అది ఎవరో ఒకరు పైకి చదివి, మీరు విని, తిరగరాసినదై ఉండాలి.

ఇంగ్లీష్ అంతంత మాత్రమే. ఇబ్బందా?

సిద్ధాంతం పేపర్లలో కొంత ఇబ్బందే. సెంట్రల్ యూనివర్సిటీల్లో పాఠాలు ఇంగ్లీష్‌లో ఉంటాయి. మొదటి ఆరు నెలలు టెన్షన్ పడతారు, తర్వాత అలవాటవుతుంది. కానీ నాటకం మాత్రం మీకు కల వచ్చే భాషలోనే రాయండి.

మన యాసలో రాయొచ్చా? జనం నవ్వుతారేమో?

ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మన గడ్డ మీద ఎప్పుడో మొదలైన చర్చ. వేదం వెంకటరాయ శాస్త్రి గారు గ్రాంథిక భాష కోసం గట్టిగా నిలబడ్డ పండితుడు. అలాంటాయన 1897 నాటి తన ప్రతాపరుద్రీయం నాటకంలో పాత్రోచిత భాష వాడారు, అంటే ఏ పాత్ర ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే రాశారు. అందులో పేరిగాడనే చాకలి తన మాటే మాట్లాడతాడు. నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించింది కూడా ఆయనే. పుస్తకంలో ఏ భాష ఉండాలన్న పట్టుదల వేరు, స్టేజి మీద మనిషి నోట్లోంచి ఏం రావాలన్న ఎరుక వేరు అని ఆయనకి తెలిసింది. అదే ఏడాది గురజాడ కన్యాశుల్కం కూడా అచ్చయింది.

ఇంకా వెనక్కి పోతే తిక్కన మనవాడే. ఆయన విరాటపర్వం ఒకసారి పైకి చదవండి, పద్యంలో ఉన్నా ఎవరు ఎవరి వైపు తిరిగి మాట్లాడుతున్నారో కళ్లకి కడుతుంది. 1885లో సురభి వాళ్లు మొట్టమొదట ఆడింది కీచక వధ. ఆ కథలో ప్రదర్శనకి కావాల్సిందంతా ఉంది, చీకటి, మారువేషం, ఒక మనిషి అనుకుని ఇంకో మనిషి దగ్గరికి వెళ్లడం.

ఇక యాస సంగతి. "ఏంది", "యాడికి" అని నాలుగు మాటలు చల్లితే నెల్లూరు యాస అయిపోదు. "యాడికి పోతుండావు నాయనా" అన్నప్పుడు ఆ "నాయనా" దగ్గర గొంతు దిగుతుంది, అది ప్రేమా విసుగా అన్నది అక్కడే తేలుతుంది. "పిలకాయలు", "అయివారు" లాంటి మాటలు ఇళ్లల్లో తగ్గిపోతున్నాయి, మీ అవ్వ దగ్గర కూర్చుని వినండి. కనిగిరి వైపు మాటకీ, కోవూరు వైపు మాటకీ ఉన్న తేడా రాసేవాళ్లకి వినపడాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. యాసని పనిమనిషికీ, తాగుబోతుకీ, కామెడీ పాత్రకీ మాత్రమే ఇచ్చి, హీరోకీ కలెక్టర్‌కీ పత్రిక భాష ఇవ్వకండి. మన జిల్లాలో డాక్టర్లు, లాయర్లు ఇంట్లో ఇదే మాట మాట్లాడతారు. వాళ్ల నోట కూడా రాయండి.

హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట లాంటివి ఈ చదువులోకి వస్తాయా?

రావాలి. జనం ఎదురుగా జరిగేది ఏదైనా దీని కిందకే వస్తుంది: వీధి నాటకం, యానాది భాగవతం, అవధానం, కాలేజీ స్కిట్ కూడా. వీటికి రాయడం విడి విద్య. బుర్రకథలో కథకుడికి ఒకవైపు హాస్య వంత, ఒకవైపు రాజకీయ వంత ఉంటారు. ఒకరు కథని కిందకి లాగి నవ్విస్తారు, ఇంకొకరు ఈ రోజు సంగతిలోకి తెస్తారు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఈ ముగ్గురినీ ఎట్లా వాడుకుందో, నాజర్ గారు దాన్ని ఏ స్థాయికి తీసుకెళ్లారో చదివితే, మూడు గొంతుల మధ్య కథ పంచడం అర్థమవుతుంది. హరికథలో ఒక్కరే, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు, పది పాత్రలు. తోలుబొమ్మలాటలో కథ రామాయణమే అయినా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి ఆ ఊరి సంగతులు మాట్లాడతారు. అక్కడ రాసేవాళ్లు కావాలనే ఖాళీ వదలాలి, ఆ రాత్రి ఆడేవాళ్లు నింపుకుంటారు. అన్నీ నింపి రాయడం అలవాటైన మనలాంటి వాళ్లకి ఆ ఖాళీ వదలడమే కష్టం.

పద్యనాటకం గురించి కూడా అడుగుతారు. రాగం ఎంతసేపు సాగుతుందో తెలియకుండా పద్యం రాయొద్దు, అంతే చెప్పగలను. హార్మోనియం మాస్టారి పక్కన ఒక సీజన్ కూర్చోండి.

ఇప్పటికే పరిషత్తులకు రాస్తున్నాను, బహుమతులు కూడా వచ్చాయి. నాకు పీజీతో పనేంటి?

పరిషత్తు గొప్ప బడి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టిన దగ్గర్నుంచి తెలుగు నాటకాన్ని బతికించింది చాలావరకు ఈ పోటీలే, ఆ మాట నేను ఎక్కడైనా అంటాను. కానీ పోటీ ఒక అచ్చు కూడా పోస్తుంది. గంట లోపు నాటిక, ఒకే ఇంటి సెట్టు, వృద్ధాశ్రమమో రైతు ఆత్మహత్యో, చివరి అయిదు నిమిషాల్లో ఒక పెద్ద డైలాగు, చప్పట్లు. నేనూ అలాంటివి రాశాను, బహుమతులూ తీసుకున్నాను. పీజీలో చేరితే, ఆ అచ్చు బయట ఏముందో చూడటానికి రెండేళ్లు దొరుకుతాయి, ఓడిపోయినా ఎవరూ మార్కులు కోసెయ్యని రెండేళ్లు. నంది నాటకోత్సవాల్లో కాలేజీ, యూనివర్సిటీ నాటికలకి విడిగా విభాగం ఉంటుంది కాబట్టి చదువుకుంటూనే పోటీకి కూడా వెళ్లొచ్చు.

ఖర్చు, స్కాలర్‌షిప్?

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు ఇంజినీరింగ్‌తో పోలిస్తే చాలా తక్కువ, అసలు ఖర్చు హాస్టల్, మెస్, ఊరు వదిలి ఉండటం. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి, నెలకి 5,000 రూపాయలు, రెండేళ్లు, అందులో నాటకం కూడా ఉంది. 25 దాటితే అదే శాఖ జూనియర్ ఫెలోషిప్ చూడండి.

విదేశాల్లో చదవాలనుంది?

అక్కడ నాటక రచనకే విడిగా పీజీలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో నాటక రచయిత డేవిడ్ ఎడ్గార్ 1989లో అలాంటి కోర్సు మొదలుపెట్టారు. లండన్‌లో రాయల్ సెంట్రల్ స్కూల్, గోల్డ్‌స్మిత్స్ పేర్లు వినే ఉంటారు. అక్కడ ఎంఏ సాధారణంగా ఒక్క ఏడాదే. అమెరికాలో ఎంఎఫ్ఏ అంటారు, రెండు మూడేళ్లు పడుతుంది. యేల్ యూనివర్సిటీ డ్రామా స్కూల్‌లో 2021లో వచ్చిన 15 కోట్ల డాలర్ల విరాళంతో ట్యూషన్ ఫీజు ఎత్తేశారు, సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. బ్రిటన్‌కి చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది, రెండేళ్ల పని అనుభవం ఉండాలి, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి.

పొలం తాకట్టు పెట్టి మాత్రం వెళ్లకండి. ఈ చదువు ఆ అప్పు తీర్చే జీతం ఇవ్వదు. స్కాలర్‌షిప్ వస్తే కళ్లు మూసుకుని వెళ్లండి.

ఉద్యోగం వస్తుందా? ఇంట్లో ఏం చెప్పాలి?

నాటకాలు రాసి మాత్రమే బతుకుతున్నవాళ్లు తెలుగులో నాకు తెలిసి చాలా తక్కువ. ఇది దాచిపెట్టి మిమ్మల్ని చేర్పించడం తప్పు. పీజీ అయ్యాక యూజీసీ నెట్ రాయొచ్చు, నృత్యం, నాటకం కలిపి ఒక సబ్జెక్టుగా ఉంది, దాంతో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకి అర్హత వస్తుంది. కొన్ని ప్రైవేటు స్కూళ్లు డ్రామా టీచర్లని తీసుకుంటున్నాయి. రేడియో, సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు, డబ్బింగ్ మాటలు, స్వచ్ఛంద సంస్థల వీధి నాటకాలు, ఇట్లా ముక్కలు ముక్కలుగా ఆదాయం వస్తుంది. నేను బతికింది అట్లాగే.

ఇంట్లో చెప్పేటప్పుడు నాన్నతో గొడవ పెట్టుకోకండి. రెండేళ్ల ఖర్చు ఎంత, ఎంత స్కాలర్‌షిప్‌కి ప్రయత్నిస్తున్నారు, నెట్ రాకపోతే ఏం చేస్తారు, కాగితం మీద రాసి చూపించండి. "నాటకాలేసేవాళ్లు చెడిపోతారు" అని తాతయ్య అంటే, మన ప్రకాశం జిల్లాకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు కుర్రతనంలో ఒంగోలులో నాటకాల్లో ఆడవేషాలు వేశారని, చదివించిన గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారే ఆ నాటకాల్లోకీ తెచ్చారని చెప్పండి.

అమ్మాయిని. రాత్రిళ్లు రిహార్సల్స్ అంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

వాళ్ల భయం అర్థం చేసుకోదగిందే. క్యాంపస్ లోపల హాస్టల్ ఉన్నచోట చేరండి, రిహార్సల్ గది నుంచి హాస్టల్‌కి ఎంత దూరమో చేరకముందే వెళ్లి చూడండి. ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని చట్టం ఉంది, అందులో ఎవరున్నారో మొదటి వారంలోనే తెలుసుకోండి.

మీరు రావడం నాటకానికి చాలా అవసరం. నటికి పారితోషికం, ప్రయాణ ఖర్చు పెట్టుకోలేక ఎన్నో నాటక సమాజాలు "ఆడ పాత్ర ఒక్కటి చాలు, కుదిరితే అదీ వద్దు" అని రాసేవాళ్లని అడుగుతాయి. అందుకే మన నాటికల్లో అమ్మ ఎప్పుడూ లోపల ఉంటుంది, గొంతు మాత్రం వినపడుతుంది. ఆ లోపల ఏం జరుగుతోందో రాయగలిగేవాళ్లు కావాలి.

సినిమాకి రాయడానికి ఇది మెట్టా?

ఆచార్య ఆత్రేయ గారు సూళ్లూరుపేట దగ్గర పుట్టి, ముందు నాటక రచయితగా పేరు తెచ్చుకుని, తర్వాతే సినిమాకి వెళ్లారు. మాట పొదుపు స్టేజి దగ్గర నేర్చుకుంటే సినిమాకి పనికొస్తుంది. కానీ సినిమా కోసమే చేరితే రెండో నెలలోనే విసుగొస్తుంది, అప్పుడు ఆ సీటు ఇంకెవరికో అందకుండా పోయినట్టే.

నేను రాసిన నాటికని సమాజం వాళ్లు నా పేరు లేకుండా ఆడుతున్నారు. ఏం చేయాలి?

నాకూ జరిగింది. ఒక ఊళ్లో కరపత్రంలో దర్శకుడి పేరు, మేకప్ పేరు, మైకు సెట్టు పేరు ఉన్నాయి, నా పేరు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత చట్టం చదువుకున్నాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నాటకం రాసిన క్షణం నుంచి హక్కు రాసినవాళ్లదే, వాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. హక్కు వేరేవాళ్లకి పోవాలంటే మీ సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లకే చెల్లుతుంది. నమోదు తప్పనిసరి కాదు, కానీ 500 రూపాయల ఫీజుతో చేయించుకుంటే గొడవ వచ్చినప్పుడు సాక్ష్యం ఉంటుంది. ఇకమీదట స్క్రిప్టు ఇచ్చేటప్పుడే "ఇన్ని ప్రదర్శనలకి, ఇంత మొత్తానికి, రచయిత పేరు కరపత్రంలో ఉండాలి" అని ఒక్క పేజీ రాసుకోండి. స్నేహితులైనా సరే.

ఉద్యోగం వదల్లేను, వయసు నలభై దాటింది. నాకేమైనా దారి ఉందా?

రెగ్యులర్ పీజీ కష్టం. వేసవిలో జరిగే వర్క్‌షాపులకి వెళ్లండి. లేదా మీ ఊళ్లోనే నెలకోసారి అయిదుగురు కలిసి ఒకరు రాసింది ఇంకొకరు చదవండి. నెల్లూరు పురమందిరంలో ఏది ఆడినా వెళ్లి చూడండి, వెనక వరసలో కూర్చుని.

నేను రాసిన సీన్ పంపిస్తే చదువుతారా?

చదువుతాను. పది పేజీలు దాటొద్దు. పంపే ముందు ఇద్దరి చేత పైకి చదివించండి, వాళ్లు ఏ మాట దగ్గర తడబడ్డారో అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీతలతోనే పంపండి, చెరపకండి.